మందు మానేయాలనుకుంటున్నారా? ఏఏ మీటింగ్ ఎక్కడుందో కనుక్కోవడం ఎలా.. మొదటి రోజు లోపల ఏం జరుగుతుంది?

"రేపట్నుంచి ముట్టను".. తాగుడు ఉన్న ఇంట్లో ఈ మాట ఎన్నిసార్లు వినిపించి ఉంటుందో లెక్కే ఉండదు. పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు, దేవుడి పటం ముందు ప్రమాణం, కార్తీకం రాగానే అయ్యప్ప మాల. 41 రోజులు చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారానికే మళ్లీ వైన్ షాప్ ముందు కనిపిస్తాడు. "వీడింక మారడు" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు.

కానీ ఆ 41 రోజులు ఎలా గడిచాయో ఒక్కసారి చూడండి. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, పీఠం దగ్గర తోటి స్వాములు, సాయంత్రం భజన, ఎదురుపడ్డ ప్రతి ఒక్కరూ "స్వామీ" అని పలకరించడం. అన్ని రోజులూ ఆ మనిషి ఒంటరిగా లేడు. మాల తీశాక భక్తి ఎక్కడికీ పోలేదు, పోయింది ఆ తోడు. సాయంత్రం ఏడయ్యేసరికి పాత ఫ్రెండ్స్ ఫోన్ చేస్తారు, కథ మొదటికొస్తుంది.

ఏడాది పొడవునా అలాంటి తోడు దొరికే చోటు ఒకటుంది. ఫీజు లేదు, అడ్మిషన్ లేదు, ఆధార్ కార్డు అడగరు. పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ షార్ట్‌కట్‌లో 'ఏఏ' అంటారు. సినిమాల్లో, ఓటీటీ సిరీసుల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చునే సీన్ చాలామంది చూసే ఉంటారు. అది అమెరికా వ్యవహారం అనుకుని వదిలేస్తారు. నిజానికి మన దేశంలో ఈ మీటింగులు 1957 నుంచే ఉన్నాయి. దేశవ్యాప్త ఆఫీసు ముంబైలో ఉంది.

38 మందిలో ఒక్కరికే..

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో మద్యం తాగేవాళ్లు దాదాపు 16 కోట్ల మంది అని అందులో తేలింది. వాళ్లలో సుమారు 2.9 కోట్ల మంది అది లేకపోతే ఉండలేని స్థితికి చేరినవాళ్లు. అలాంటివాళ్లు 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు. మిగతా 37 మంది ఒట్లతోనే నెట్టుకొస్తున్నారన్నమాట.

మన దగ్గర మద్యం గురించి మాట్లాడటం తక్కువేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో అది ఎత్తేశారు. ఆ తర్వాత ప్రతి ఎన్నికల్లోనూ షాపులెన్ని, రేటెంత, బ్రాండేంటి, బెల్టు షాపులెవరివి అన్న గొడవే. ఇప్పటికే అలవాటులో కూరుకుపోయిన మనిషి సోమవారం పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్నకు మాత్రం టీవీ డిబేట్లలో కూడా టైమ్ దొరకదు.

ముందు ఒక జాగ్రత్త.. ఇది చదవకుండా మానేయొద్దు

రోజూ తాగేవాళ్లు, ముఖ్యంగా పొద్దున లేవగానే గ్లాసు పడితే తప్ప చెయ్యి వణుకు ఆగనివాళ్లు, ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి 48 గంటల్లో ఫిట్స్ వస్తాయి. రెండు, మూడో రోజుకి లేనివి కనిపించడం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం జరగొచ్చు. ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణాలు కూడా పోతాయి. "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించే టైమ్ కాదది. 108కి ఫోన్ చేయాలి.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో మద్యం షాపులు మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం ఎలా పోటెత్తారో గుర్తుండే ఉంటుంది. అప్పట్లో సోషల్ మీడియాలో ఆ వీడియోల మీద తెగ జోకులు వేశారు. ఆ వచ్చినవాళ్లలో చాలామందివి సరిగ్గా పైన చెప్పిన లక్షణాలే.

కాబట్టి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ముందు డాక్టర్‌ని కలవాలి. ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు.. ఎక్కడికైనా వెళ్లొచ్చు. కొన్ని రోజులు మందులతో వణుకు, ఫిట్స్ రాకుండా చూస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు. ఏఏ మీటింగ్ దీనికి బదులు కాదు. అక్కడ డాక్టర్లు ఉండరు, మాత్రలు ఇవ్వరు. ఆస్పత్రి ఒంట్లోంచి మందు దించుతుంది. ఇంటికొచ్చాక మళ్లీ గ్లాసు పట్టకుండా ఉండటానికే మీటింగ్.

ఇంతకీ ఏఏ అంటే ఏంటి?

1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు కలుసుకున్నారు. ఒకరు న్యూయార్క్ షేర్ల బ్రోకర్ బిల్ విల్సన్, ఇంకొకరు సర్జన్ బాబ్ స్మిత్. బిల్ అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. వ్యాపారం పని మీద ఆ ఊరొచ్చి, అది బెడిసికొట్టి, హోటల్లో ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ తాగేస్తానేమోనని భయం పట్టుకుంది. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆగలేనని అర్థమైంది. ఫోన్లు చేసి కనుక్కుంటే దొరికిన మనిషి బాబ్. అదే ఏడాది జూన్ 10న డాక్టర్ బాబ్ చివరిసారి తాగారు. ఆ రోజునే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తారు.

ఇందులో చూడాల్సింది ఒకటుంది. బిల్ వెతికింది డాక్టర్ కోసం కాదు, సలహా కోసం కూడా కాదు. తనలాగే తాగి దెబ్బతిన్న ఇంకో మనిషి కోసం. ఏఏ మొత్తం ఇప్పటికీ దీని మీదే నడుస్తోంది. 12 మెట్ల పద్ధతి, పుస్తకాలు అన్నీ తర్వాత వచ్చినవే.

సభ్యుడు కావడానికి ఒకే ఒక్క అర్హత. తాగుడు మానాలన్న కోరిక ఉండాలి. మానేసి ఉండాల్సిన పని లేదు, కోరిక ఉంటే చాలు. బయటి నుంచి చందాలు, గ్రాంట్లు తీసుకోరు. మీటింగ్ చివర్లో ఒక సంచి తిప్పుతారు, సభ్యులు తోచింది వేస్తారు. హాలు అద్దె, టీ ఖర్చు అందులోంచే. కొత్తగా వచ్చినవాళ్లు ఏమీ వేయనక్కర్లేదు.

మీటింగ్ వెతకడం ఎలా?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫోన్‌లో 'ఏఏ మీటింగ్ నియర్ మీ' అని కొడితే మొదట కనిపించేవి చాలావరకు ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ల యాడ్స్. నంబర్‌కి చేస్తే "అంబులెన్స్ పంపిస్తాం, నెలకి ఇంత" అంటారు. అది ఏఏ కాదు. గుర్తు పెట్టుకోవడానికి తేలికైన గుర్తు ఇదే: డబ్బు అడిగితే ఏఏ కాదు. ప్రైవేటు సెంటర్లన్నీ మోసమని కాదు, కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి సెంటర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి. చేర్పించే ముందు ఆ కాగితం చూపించమని అడగడం మీ హక్కు.

అసలు మీటింగుల జాబితా కావాలంటే ముంబై ఆఫీసు నడిపే 'ఏఏ జీఎస్ఓ ఇండియా' వెబ్‌సైట్‌కి వెళ్లాలి. అడ్రస్: ఏఏజీఎస్ఓఇండియా డాట్ ఓఆర్‌జీ. మీ నగరానికి దగ్గర్లో ఏ గ్రూపులున్నాయో, ఎవరికి ఫోన్ చేయాలో అక్కడి నుంచే కనుక్కోవచ్చు. ఫోన్ ఎత్తేది కాల్ సెంటర్ కాదు. చాలాసార్లు అవతల మాట్లాడేది కూడా ఒకప్పుడు తాగి మానేసిన మనిషే. "మా తమ్ముడి కోసం అడుగుతున్నా" అని మొదలుపెట్టినా పర్లేదు, వాళ్లకి ఆ తమ్ముడు ఎవరో తెలుసు.

నెట్ మీద నమ్మకం లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో సోషల్ వర్కర్‌ని అడగండి. ఏ గ్రూపు ఎక్కడ నడుస్తుందో వాళ్లకి తెలిసే అవకాశం ఎక్కువ. డీ-అడిక్షన్ వార్డుల్లోనే ఏఏ సభ్యులు వచ్చి మీటింగ్ పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. ఇంకో దారి ఫోన్లే: మత్తు సమస్యల కోసం కేంద్రం నడిపే 14446 టోల్‌ఫ్రీ, మానసిక ఆరోగ్యం కోసం 2022లో మొదలైన టెలీ మానస్ 14416. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. అర్ధరాత్రి అయినా ఎత్తుతారు.

గ్రూపు నంబర్ దొరికాక అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మీటింగ్ ఏ భాషలో జరుగుతుంది? తెలుగా, ఇంగ్లీషా, హిందీనా? 'ఓపెన్' మీటింగా, 'క్లోజ్డ్' మీటింగా? ఓపెన్ అంటే కుటుంబ సభ్యులు, విద్యార్థులు, ఎవరైనా కూర్చుని వినొచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉండి మానాలనుకునేవాళ్లకే. ఇక గేటు దగ్గరికి ఎవరైనా వచ్చి లోపలికి తీసుకెళ్తారా అని మొహమాటం లేకుండా అడిగేయండి. సాధారణంగా స్కూల్ గదుల్లో, చర్చి హాళ్లలో, కమ్యూనిటీ హాళ్లలో పెడతారు. బోర్డు ఉన్నా చిన్నదే ఉంటుంది. రోడ్డు మీద పావుగంట తిరిగి దొరక్క వెనక్కి వచ్చేస్తే, దారిలో వైన్ షాప్ మాత్రం తప్పకుండా దొరుకుతుంది. టైమింగ్స్, హాళ్లు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకోవడం మంచిది.

మొదటి రోజు లోపల ఏం జరుగుతుంది?

గంట, గంటన్నర కార్యక్రమం. ఒకరు చైర్ చేస్తారు. ఆయనేం ఆఫీసర్ కాదు, ఈ వారం ఆయన వంతు అంతే. మొదట ఏఏ ఉద్దేశం ఏంటో నాలుగు మాటలు చదువుతారు. చాలా గ్రూపుల్లో చిన్న ప్రార్థన ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరు మాట్లాడతారు. పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు. ఇంటిపేరు చెప్పరు, ఎవరూ అడగరు. మీరు చెప్పిన పేరు నిజమో కాదో కూడా చూడరు.

ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడరు. "నువ్వలా చేసి ఉండాల్సింది కాదు" అనే మాట వినిపించదు. కొత్తవాళ్లకి ఇదే విచిత్రంగా అనిపిస్తుంది. ఇంట్లో, ఆఫీసులో, పెద్దమనుషుల పంచాయితీలో ఏళ్ల తరబడి నీతులే విన్న మనిషికి, ఎవరూ నీతి చెప్పని గది కొత్తే కదా. కొందరు నవ్వుతూ కూడా చెబుతారు. పెళ్లాం పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి, కొడుకు ఫీజు డబ్బులు తాగేసిన సంగతి కూడా బయటికొస్తాయి. విన్నవాళ్లెవరూ ముక్కున వేలేసుకోరు.

మీ వంతు వస్తే "ఈరోజు వింటాను" అంటే సరిపోతుంది. తాగి వెళ్తే గెంటేస్తారా అని చాలామంది భయపడతారు. గొడవ చేయకుండా కూర్చుని వింటే సాధారణంగా పంపించేయరు. మీటింగ్ అయ్యాక టీ దగ్గర ఆగండి, పారిపోకండి. అసలు మాటలు అక్కడే నడుస్తాయి. ఎవరో ఒకరు ఫోన్ నంబర్ ఇస్తారు. "తాగాలనిపిస్తే తాగే ముందు చెయ్యి, తాగాక కాదు" అని చెబుతారు.

కొన్నాళ్లకి ఒక 'స్పాన్సర్'ని ఎంచుకోమంటారు. ఈ పేరు విని డబ్బులిచ్చే మనిషి అనుకోవద్దు. మీకంటే ముందు మానేసి, 12 మెట్లలో మిమ్మల్ని నడిపించే తోటి సభ్యుడు. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు ఉండటం ఆనవాయితీ. జీవితాంతం మానేస్తానని ప్రమాణం చేయమని ఎవరూ అడగరు. ఈ 24 గంటలు తాగకుండా ఉంటే చాలంటారు. పిల్లల మీద వేసిన ఒట్టుకీ దీనికీ తేడా అక్కడే ఉంది.

చర్చిలో పెడుతున్నారు, మతం మారుస్తారా?

మన దగ్గర ఎక్కువగా వచ్చే అనుమానం ఇది. ఏఏకి ఏ మతంతోనూ, పార్టీతోనూ సంబంధం లేదు. చర్చి హాలు తక్కువ అద్దెకి దొరుకుతుంది కాబట్టి అక్కడ పెడతారు. 12 మెట్లలో దేవుడి మాట ఉంది, దాచడానికేం లేదు. కానీ ఆ దేవుడు ఎవరికి అర్థమైనట్టు వాళ్లకే అని అందులోనే ఉంటుంది. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, నాస్తికులు ఒకే వరుసలో కూర్చుంటారు. దేవుడి ప్రస్తావన అస్సలు పడదు అనుకునేవాళ్లకి 1994 నుంచి నడుస్తున్న 'స్మార్ట్ రికవరీ' అనే వేరే సంస్థ ఉంది. దాని ఆన్‌లైన్ మీటింగులు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి.

"అక్కడ తెలిసినవాళ్లు కనిపిస్తే?" అన్నది రెండో భయం. కనిపించొచ్చు. కానీ వాళ్లు వచ్చింది కూడా ఆ పని మీదే. గదిలో ఎవరిని చూశామో, ఏం విన్నామో బయట చెప్పకూడదన్నది ఏఏలో మొదటి కట్టుబాటు. పేరులోని 'అనానిమస్'కి అర్థం కూడా అదే. పేరు బయటపెట్టకుండా ఉండటం.

ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. మగాడు తాగితే అలవాటు అంటారు, ఆడది తాగితే క్యారెక్టర్ అంటారు. గది నిండా మగవాళ్లే ఉంటారేమోనన్న భయం కూడా న్యాయమైనదే. అందుకే ముందు ఫోన్ చేసినప్పుడే మహిళా సభ్యురాలితో మాట్లాడించమని అడగాలి. మహిళల కోసమే నడిచే మీటింగులు కొన్ని ఉన్నాయి. ఆన్‌లైన్‌లో వీడియో ఆపేసి వినే వీలూ ఉంది.

తాగే మనిషి రానంటే.. ఇంట్లోవాళ్ల సంగతేంటి?

తాగేది ఒకరైతే నిద్ర లేనిది నలుగురికి. బిల్ విల్సన్ భార్య లోయిస్ ఇది గమనించే 1951లో 'అల్-అనాన్' గ్రూపులు మొదలుపెట్టారు. తాగేవాళ్ల భార్యలు, భర్తలు, తల్లిదండ్రులు కూర్చునే మీటింగులివి. టీనేజ్ పిల్లల కోసం 'అలాటీన్' అని వేరేగా ఉంది. తాగే మనిషి మారినా మారకపోయినా వీటికి వెళ్లొచ్చు. తాగుడు మీ వల్ల రాలేదు, మీ కట్టడితో ఆగదు.. "నేను సరిగ్గా చూసుకుని ఉంటే ఆయన తాగేవాడు కాదు" అనుకుంటూ బతికే ఇల్లాలికి ఇది ఇంకొకరి నోట వినడమే పెద్ద ఊరట.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన పద్ధతి గురించి చెప్పాలి. తెలుగులో మందు అంటే ఔషధమే, మందు అంటే సారా కూడా. ఆ రెండింటినీ కలిపేసి "మందు మాన్పించే మందు, తెలియకుండా కూరలో కలపండి" అని అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. డైసల్ఫిరమ్ అనే మాత్ర నిజంగానే ఉంది, డాక్టర్లు రాస్తారు కూడా. కానీ అది వేసుకున్న మనిషి మద్యం తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి, బీపీ పడిపోతుంది. ప్రాణాపాయం కూడా రావొచ్చు. అందుకే రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే ఇవ్వాలి. తెలియకుండా సాంబారులో కలపడం వైద్యం కాదు. ఇక ఏమేం కలిపారో తెలియని పొడుల సంగతి చెప్పక్కర్లేదు.

అసలు ఇది పనిచేస్తుందా?

సందేహం సహజమే. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే తాగుడు పోతుందా? 2020లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ దీని మీదే ఒక సమీక్ష ప్రచురించింది. 27 అధ్యయనాలు, 10 వేల మందికి పైగా మనుషుల వివరాలు చూశారు. ఏఏలో చేరేలా ఒక పద్ధతి ప్రకారం ప్రోత్సహించే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండే విషయంలో మిగతా గుర్తింపు పొందిన చికిత్సలతో సమానంగా, కొన్నిచోట్ల ఇంకా మెరుగ్గా పనిచేశాయని తేలింది. అందరికీ పనిచేస్తుందని దీని అర్థం కాదు. మొదటి మీటింగ్‌తోనే మానేసినవాళ్లూ ఉంటారు, పదిసార్లు జారిపడి లేచినవాళ్లూ ఉంటారు.

జారితే ఏం చేయాలి? మళ్లీ వెళ్లాలి. రోజుల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, అంతే. సిగ్గుతో వెళ్లకుండా ఉండిపోవడమే ఎక్కువ ప్రమాదం. ఒక గ్రూపు నచ్చకపోయినా, అక్కడి మనుషులు పడకపోయినా, ఏఏ మొత్తాన్ని వదిలేయనక్కర్లేదు. వేరే గ్రూపు చూడొచ్చు. ఒక్క మీటింగ్ చూసి "నాకు పడదు" అని తేల్చేయకుండా మూడు, నాలుగు వేర్వేరు చోట్లకి వెళ్లి చూడటం మంచిది.

మీ ఊళ్లో మీటింగ్ లేకపోతే..

హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో ఉన్నవాళ్లకి వెతికితే దొరుకుతుంది. మండల కేంద్రంలో ఉండేవాళ్లకి అంత తేలిక కాదన్నది వాస్తవం. కరోనా తర్వాత ఆన్‌లైన్ మీటింగులు బాగా పెరగడం వీళ్లకి కలిసొచ్చింది. ఫోన్, ఇయర్‌ఫోన్స్, గంటసేపు తలుపేసుకునే గది ఉంటే చాలు. పేరు మార్చుకుని చేరొచ్చు. ముంబై ఆఫీసు వెబ్‌సైట్ నుంచో, దగ్గరి నగరంలోని గ్రూపు నుంచో ఆన్‌లైన్ మీటింగుల వివరాలు అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో ఉండే తెలుగువాళ్లకైతే ఏఏ సొంత యాప్ 'మీటింగ్ గైడ్' ఉంది. ఉన్న చోటు బట్టి ఆ రోజు ఏ టైమ్‌కి ఎక్కడ మీటింగ్ ఉందో చూపిస్తుంది. వీకెండ్ పార్టీల్లో మొదలై రోజువారీకి వచ్చేసి, ఇండియాలో అమ్మానాన్నలకి తెలియకూడదని లోలోపలే నలిగిపోయేవాళ్లు ముందు అది డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఏఏ గ్రూపు పెట్టడానికి లైసెన్సు, బిల్డింగ్, ప్రెసిడెంట్ అవసరం లేదు. మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకచోట కూర్చుంటే, బయటి సంస్థల పేరు తగిలించుకోకుండా ఉంటే, అది గ్రూపే అవుతుంది. ఇలా మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముంబై ఆఫీసుకి గానీ దగ్గరి నగరంలోని గ్రూపుకి గానీ చెబితే మీటింగ్ ఎలా నడపాలో చెబుతారు, చదవడానికి కావాల్సిన పుస్తకాల వివరాలూ ఇస్తారు.